తెల్లచెలిమల గౌరవ ఖైదీలు

ప్రపంచంలో ఏ మూల ఏ నేరం జరిగినా, ఆ నేరస్తుణ్ణి భద్రంగా దాచిపెట్టే బాధ్యత ఇకపై రాయలసీమదేనని జైళ్ల శాఖ మంత్రి ఓబుళేశు గారు కర్నూలులో ప్రకటించిన రోజు నేనక్కడే ఉన్నాను. ఆయన వెనక కట్టిన ఫ్లెక్సీ నేను వేసిందే. కర్నూలు జిల్లా ఆలూరులో నాకు ఫ్లెక్సీల షాపు ఉంది. ఈ ప్రాంతపు చరిత్ర అంతా ముందు నా మిషన్ లోంచి బయటికొచ్చి, ఆ తర్వాతే జరుగుతుంది.

ఐరోపాలో ఒక చల్లటి దేశం మన జైళ్లను అద్దెకు అడుగుతోందని మంత్రిగారు చెప్పారు. ఆ దేశం పేరు ఎన్నిసార్లు పలికారో అన్ని రకాలుగా పలికారు కాబట్టి నేనిక్కడ రాయడం లేదు.

"అంత దూరం నుంచి ఖైదీలను మన దగ్గరికే ఎందుకు పంపుతారు సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"వాళ్లకు స్థలం లేదు. మనకు స్థలం తప్ప ఇంకేమీ లేదు. ఇంతకంటే మంచి జోడీ యాడ దొరుకుతుందప్పా?"

"ఇక్కడి ఎండకు తట్టుకుంటారా సార్?"

"వాళ్ల దేశంలో సూర్యుడు సగం ఏడాది సెలవులోనే ఉంటాడంట. మన సూర్యుడు ఒక్క పూట గూడా సెలవు పెట్టడు. ఎండను ఎగుమతి చేసే టెక్నాలజీ ఇంకా రాలేదు కాబట్టి, మనుషులను దిగుమతి చేసుకుంటాండాం."

విలేకరులందరూ రాసుకున్నారు. ఖైదీలను చూడ్డానికి వచ్చే బంధువులు ఊరికే వెనక్కి పోరనీ, గండికోట చూసి పోతారనీ, దీన్ని ములాఖత్ టూరిజం అంటారనీ కూడా ఆయన చెప్పారు. నాకు ఒళ్లు పులకరించింది.

ప్రజాస్వామ్యంలో చర్చ లేకుండా ఏ మంచి పనీ జరగకూడదు. అదృష్టవశాత్తు మనకు ప్రతిపక్షం ఉంది. ప్రతిపక్ష నాయకుడు భూపేష్ గారిది కడప జిల్లా కమలాపురం. ఆయన ఆ సాయంత్రమే కడపలో "మన జైళ్లు మన ఖైదీలకే" అని గర్జించారు. దానికి ఫ్లెక్సీ నాకే ఆర్డరు వచ్చింది. నేను పార్టీలు చూడను, సైజు మాత్రమే చూస్తాను. పొద్దున్నే మళ్లీ ఫోనొచ్చింది. "మ్యాటర్ మార్చప్పా. జైలు కమలాపురం హక్కు, అని వెయ్యి." నేను అక్షరాలు మార్చి ఫొటో అట్లాగే ఉంచాను. పిడికిలి బిగించిన ఫొటో దేనికైనా పనికొస్తుంది.

తర్వాత టీవీలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

"కర్నూలుకే ఎందుకిచ్చారు? నేరస్తులను చూసుకున్న అనుభవం మా కడపకు లేదా?" అని భూపేష్ గారు బల్ల గుద్దారు.

"శానా ఉంది. అందుకే ఇయ్యలేదు. వచ్చినోళ్లు మీ కాడ ఇంకాస్త నేర్చుకొని పోతే వాళ్ల దేశానికి మనం ఏమని జవాబు చెప్పాల?" అన్నారు ఓబుళేశు గారు.

యాంకరు చప్పట్లు కొట్టాడు. చర్చ అంత లోతుగా సాగింది. అసలు ఇవ్వాలా వద్దా అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే చర్చ పక్కదారి పట్టేది.

జైలు కోసం ఎంచుకున్న చోటు ఆలూరుకు అవతల ఉన్న తెల్లచెలిమల. ఊరి పేరులో చెలిమ ఉందంటే కారణం ఉంది. అక్కడి ఆడవాళ్లు ఎండిపోయిన వంకలో ఇసుక తవ్వి, ఆ చెలిమలో ఊరిన నీళ్లను చిప్పతో తోడుకుంటారు. ఊరి చివర దొరల కాలం నాటి రాతి జైలు ఉంది. అందులో కొద్దిమంది ఖైదీలు ఉండేవారు. వాళ్లలో ఒకడు ఆ ఊరి కుర్రాడే, వసంతకుమార్.

అతని నేరం నా కళ్లముందే జరిగింది. ఆ ఊళ్లో మంచినీళ్ల ట్యాంకును ఓబుళేశు గారే ప్రారంభించారు. రిబ్బన్ కత్తిరించగానే అందరూ చప్పట్లు కొట్టారు. వసంతకుమార్ పోయి కొళాయి తిప్పాడు. గాలి వచ్చింది.

"సార్, నీళ్లు?" అన్నాడు.

"ఈ పొద్దు ట్యాంకు ప్రారంభోత్సవమప్పా. నీళ్ల ప్రారంభోత్సవం వేరే ఉంటుంది," అన్నారు మంత్రిగారు ఓపిగ్గా.

అంత వివరంగా చెప్పినా అర్థం చేసుకోకుండా, అతడు ఇంటింటికీ పోయి ఖాళీ కడవలు తెచ్చి మంత్రిగారి కాన్వాయ్ ముందు వరసగా పేర్చాడు. కడవలను మారణాయుధాలుగా రాసి, ప్రభుత్వ విధులకు ఆటంకం కింద కేసు పెట్టారు. జామీను ఇవ్వడానికి పొలమున్నవాళ్లెవరూ ముందుకు రాలేదు. అందరికీ మంత్రిగారితో ఏదో ఒక పని ఉంది. అట్లా రిమాండు మీద రిమాండు పడుతూ ఉండిపోయాడు.

అతని తల్లి జీవమ్మ కూలి పనికి పోతుంది. భర్త లేడు. ఆదివారం చర్చి అయిపోగానే తెల్ల చీర మీదే నేరుగా జైలు దగ్గరికి నడిచి, ఊచల అవతల నిలబడ్డ కొడుకుతో కాసేపు మాట్లాడి వచ్చేది. కొడుకు జైల్లో ఉన్నా ఊళ్లోనే ఉన్నాడన్నది ఆమె ధైర్యం.

విదేశీయుల కోసం జైలు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఉన్న ఖైదీలను ఎక్కడ పెట్టాలి? ఓబుళేశు గారు చురుగ్గా ఆలోచించి, పక్కనే ఉన్న బళ్లారిలో చోటు అద్దెకు మాట్లాడారు. మన జైలు అద్దెకివ్వడానికి మనం ఇంకో జైలు అద్దెకు తీసుకోవడమేమిటని కొందరు మేధావులు నసిగారు. "ఇల్లు అద్దెకిచ్చి ఇంకో ఇంట్లో బాడుగకుండేవాళ్లు లేరా?" అని మంత్రిగారు అడిగారు.

ఖైదీల వ్యాను బయల్దేరే రోజు నేను గేటుకు కొత్త బోర్డు బిగించడానికి పోయాను. జీవమ్మ సూపరింటెండెంటు జయరాజ్ గారి ముందు నిలబడి ఉంది.

"నా కొడుకును యాడికి పంపిస్తాండారు సారూ?"

"బళ్లారికమ్మా. ఫారిన్ వాళ్లు వస్తాండారు కదా."

"వాళ్లేం చేసినారంట?"

"మోసాలు, దోపిడీలు. ఒకరిద్దరు ఖూనీ చేసినోళ్లు గూడా ఉంటారు."

"నా కొడుకు కడవలే కదా సారూ పెట్టినాడు?"

"అదేనమ్మా ఇబ్బంది. మనోడిది ఇంటర్నేషనల్ స్టాండర్డ్ నేరం కాదు."

జయరాజ్ గారు మంచివారు. ఆ మాట అనేటప్పుడు ఆమె మొహం వైపు చూడలేదు. వ్యాను కదిలినప్పుడు వసంతకుమార్ కిటికీ జాలీలోంచి వేళ్లు బయటికి పెట్టాడు. జీవమ్మ ఆ వేళ్లు పట్టుకొని కొంతదూరం వ్యానుతోపాటు నడిచింది, తర్వాత పరుగెత్తింది, తర్వాత ఆగిపోయింది. నేను బోర్డు బిగించాను. "అంతర్జాతీయ అతిథులకు స్వాగతం."

తర్వాత జరిగిన అభివృద్ధిని చూడ్డానికి రెండు కళ్లు చాలవు. తుంగభద్ర కాలువ నుంచి జైలుకు పైపు వేశారు. విదేశీ ఖైదీకి రాత్రీ పగలూ నీళ్లుండాలి, వేడినీళ్ల షవరు ఉండాలి, చదువుకోవడానికి గది ఉండాలి, నడవడానికి పచ్చగడ్డి ఉండాలి. అన్నీ పెట్టారు. పైపు తెల్లచెలిమల నడివీధిలోంచి, జీవమ్మ గుడిసె వాకిలి ముందునుంచి పోయింది. ఊళ్లో ఎక్కడా కొళాయి ఇవ్వలేదు. ఇస్తే ప్రెషర్ తగ్గుతుందని ఇంజినీర్లు చెప్పారు. మధ్యాహ్నం పూట ఆడవాళ్లు ఆ పైపుకు చెవి ఆనించి కూర్చునేవారు.

"పోతాండాయి పిల్లా," అని సోమక్క అనే ఆమె మిగతావాళ్లకు చెప్పేది. "శానా పోతాండాయి."

ఒకరోజు ఆ చల్లటి దేశం నుంచి ముగ్గురు అధికారులు తనిఖీకి వచ్చారు. వాళ్లలో పెద్ద ఒక పొడుగాటి మేడమ్. ఆమె పరుపు నొక్కి చూసింది. షవరు తిప్పి చెయ్యి పెట్టి చూసింది. గడ్డి మీద చెప్పులు విడిచి నడిచింది. ప్రతిదానికీ తల ఊపింది. ఆమె తల ఊపినప్పుడల్లా ఓబుళేశు గారూ ఊపారు.

అంతా అయ్యాక ఆమె ఏదో అడిగింది. దుబాసీ చెప్పాడు: "విడుదలకు ముందు ఖైదీలను కొన్నాళ్లు దగ్గరి ఊళ్లో తిరగనిస్తారంట సార్. మామూలు జీవితం అలవాటు కావడానికి. అది వాళ్ల చట్టం. అందుకని ఊరు చూడాలంట."

మంత్రిగారి మొహంలో మొదటిసారి చెమట చూశాను.

"ఊర్లో ఏముండాది మేడమ్? గండికోట పోదాం రండి. శానా బాగుంటాది," అన్నారు.

మేడమ్ అప్పటికే నడవడం మొదలుపెట్టింది. ఎండలో ఆమె మొహం దానిమ్మ గింజలా అయింది. జీవమ్మ గుడిసె ముందు ఆగి నీడకు నిలబడింది. ఇంటికొచ్చిన మనిషిని ఊరికే పంపే అలవాటు జీవమ్మకు లేదు. లోపలికి పోయి కడవ వంచి, లోటాలో సగానికి నీళ్లు తెచ్చి ఇచ్చింది. మేడమ్ ఆ నీళ్ల రంగు చూసి, ఇవి ఎక్కడివని అడిగింది.

"వంకలో చెలిమ తవ్వి తెచ్చినా మా. పొద్దన్నుంచి తవ్వితే ఇవి దొరికినాయి."

మేడమ్ వాకిట్లో ఉన్న పైపు చూపించి, మరి ఇది? అంది.

"అది దొంగల కోసం మా," అంది జీవమ్మ. ఆ గొంతులో కోపం లేదు. ఎవరి ఇల్లు ఏదో చెప్పినట్టు చెప్పింది.

దుబాసీ మంత్రిగారి వైపు చూశాడు. మంత్రిగారు ఆకాశం వైపు చూశారు. చివరికి దుబాసీ ఉన్నదున్నట్టే చెప్పాడనుకుంటాను. మేడమ్ ఆ నీళ్లు తాగలేదు, పారబొయ్యనూ లేదు. రెండు చేతులతో తిరిగి జీవమ్మకే ఇచ్చి, తల వంచి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు వాళ్ల అభిప్రాయం వచ్చింది. జైలు లోపల మనుషులు ఉండటానికి అన్ని విధాలా అనువుగా ఉందనీ, కానీ తమ ఖైదీలను గేటు బయట వదలడం తమ చట్టం ప్రకారం అమానుషమైన శిక్ష కిందికి వస్తుందనీ అన్నారు.

భూపేష్ గారు రాజీనామా డిమాండ్ చేశారు. ఇంకొకరైతే కుంగిపోయేవారు. ఓబుళేశు గారు ఒక పూట తలుపు వేసుకొని ఆలోచించి, బయటికి వచ్చి అధికారులను అడిగారు:

"లోపల బాగుండాదని వాళ్లే ఒప్పుకున్నారు కదా. సమస్య ఎక్కడ?"

"బయట సార్."

"బయట అనేదే లేకుండా చేస్తే?"

అధికారులందరూ ఒకేసారి పెన్నులు తీసి రాసుకున్నారు. గొప్ప ఆలోచనలు పుట్టినప్పుడు అట్లాగే ఉంటుందని చదివాను.

ఊరి చుట్టూ గోడ కట్టి, తెల్లచెలిమలను జైల్లో కలిపేయడం ఆయన పథకం. ప్రజాభిప్రాయం లేకుండా చేస్తే నియంతృత్వం అవుతుందని గ్రామసభ పెట్టారు. ఫ్లెక్సీ నాదే.

"మీ అందరికీ గౌరవ ఖైదీల హోదా ఇస్తాండాం," అన్నారు మంత్రిగారు. "గొప్పోళ్లకు గౌరవ డాక్టరేటు ఇస్తారు. వాళ్లు సూది మందు వేస్తారా? లేదు. అట్లనే మీరు నేరం చేయాల్సిన పన్లేదు."

రైతు గోపన్న లేచాడు. ఆ ఊళ్లో కాస్త పొలమున్నవాడు, పెద్దమనిషి.

"మేమేం తప్పు చేసినామప్పా, మమ్మల్ని జైల్లో ఏసేకి?"

"తప్పు చేయకుండా ఈ సౌకర్యం దేశంలో ఇంతవరకు ఎవరికీ దొరకలేదు గోపన్నా. మీదే ఫస్టు ఊరు."

సోమక్క అడిగింది: "నీళ్లు పొద్దన ఇడుస్తారా, మాపటేల ఇడుస్తారా?"

"ఖైదీలకు టైమింగ్స్ ఉండవమ్మా," అన్నారు జయరాజ్ గారు. "రూల్స్ ప్రకారం ఎప్పుడూ వస్తాండాల. ఆపితే మా మీద కేసవుతుంది."

ఆడవాళ్ల వైపు నుంచి ఒక రకమైన శబ్దం వచ్చింది. ఏడుపు కాదు, నవ్వు కాదు. గోపన్న భార్య అక్కణ్ణుంచే, "నువ్వు కూసోవయ్యా," అంది. గోపన్న కూర్చున్నాడు.

జీవమ్మ చెయ్యెత్తింది. "నా కొడుకు బళ్లారిలో ఉండాడు సారూ. ఎట్లాగూ ఊరంతా జైలే అయితాంది కదా. వాణ్ణి గుడక ఈడికే తోలుకొని రాండి."

"అతను నిజం ఖైదీ కదమ్మా. నిజం ఖైదీలను కలిపితే గౌరవ ఖైదీల గౌరవం ఏమి కావాల?" అన్నారు మంత్రిగారు.

చేతులెత్తమన్నారు. అన్ని చేతులూ లేచాయి. జీవమ్మ చెయ్యి అందరికంటే ఆలస్యంగా లేచింది.

గోడ లేచింది. కాంట్రాక్టు ఎవరికిచ్చారని అడగడం అసూయ అవుతుంది కాబట్టి నేను అడగలేదు. గోడ పూర్తయిన రోజు ఊళ్లో వీధి వీధికీ కొళాయి పెట్టారు, తిప్పితే నీళ్లొచ్చాయి. పొలాలన్నీ గోడకు అవతల పడ్డాయి కాబట్టి, పత్తి తీయడానికి పోయేవాళ్లకు రోజూ పొద్దున పెరోలు ఇచ్చేవారు, చీకటి పడేలోగా లోపలికి తోలేవారు. ఎవరూ ఆలస్యం చేసేవాళ్లు కాదు. బయటే ఉండిపోతామేమోనని భయం. విదేశీ ఖైదీలు ఇంకా రాలేదు. ఆ దేశంలో ప్రభుత్వం మారిందనీ, విషయం పరిశీలనలో ఉందనీ మంత్రిగారు చెప్పారు. వాళ్లు రాకపోయినా గోడ ఉంటుంది కదా. భూపేష్ గారు కమలాపురానికి కూడా గోడ కావాలని నిరాహారదీక్ష మొదలుపెట్టారు.

ఈలోగా కోర్టులో వసంతకుమార్ కేసు కొట్టేశారు. ఖాళీ కడవలు మారణాయుధాలు కావని జడ్జిగారు అన్నారట. అతను ఇంటికొచ్చిన సాయంత్రం నేను కొత్త గేటు దగ్గర నిచ్చెన మీద ఉన్నాను, మంత్రిగారి పుట్టినరోజు ఫ్లెక్సీ కడుతూ.

సెంట్రీ అతన్ని ఆపాడు. "ములాఖత్ ఆదివారమే."

"చూసేకి రాలేదన్నా. మా ఇల్లు లోపలుండాది."

"గౌరవ ఖైదీవా?"

"గోడ కట్టేటప్పుడు నేను బళ్లారి జైల్లో ఉంటి."

"అయితే లిస్టులో ఉండవు. బయటోడివి. ఫారిన్ వాళ్లు రాలేదు కాబట్టి ఇప్పుడు కేసున్నోళ్లను తీసుకుంటాండారు. లోపలికి రావాలంటే ఏదన్నా కేసు ఉండాల."

"ఉండె. కొట్టేసినారు."

సెంట్రీ నిజంగానే బాధపడ్డాడు. "అట్లయితే కష్టమప్పా."

ఎవరు చెప్పారో, జీవమ్మ పరుగున వచ్చింది. తల ఇంకా తడిగా ఉంది. ఊచల్లోంచి రెండు చేతులూ చాచి కొడుకు మొహం పట్టుకుంది.

"చిక్కిపోయినావు నాయనా."

"నువ్వు బాగుండావు మా," అన్నాడతను. నిజమే. ఆమె అంత శుభ్రంగా, అంత తేటగా ఉండటం నేనూ ఎప్పుడూ చూడలేదు.

"తలకు పోసుకున్నా నాయనా. కావాల్సినన్ని పోసుకున్నా. ఎవురూ వద్దనలేదు." ఆమె నవ్వింది. నవ్వుతూ ఉన్నదల్లా ఆగిపోయి, "నువ్వు లేకుండానే పోసుకుంటి," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు వదిలి, "నేనే బయటికొస్తా. ఈ నీళ్లు నాకేల? పా, యాడికన్నా పోదాం," అంది.

సెంట్రీ గొంతు తగ్గించి చెప్పాడు. "ఒకసారి పేరు తీయించుకుంటే మళ్లా ఎక్కదమ్మా. ఆలోచన చేసుకో."

వసంతకుమార్ తల్లి చేతులను మెల్లగా తన మొహం మీది నుంచి తీసి, ఊచల లోపలికి పెట్టాడు.

"వద్దు మా. నువ్వు లోపలే ఉండు. నేనే ఏదో ఒకటి చేసి వస్తా."

అతను నా దగ్గరికొచ్చి, "అన్నా, బండిలో స్టేషన్ దాకా దింపుతావా?" అన్నాడు. నేను నిచ్చెన దిగి బండి తీశాను.

పోలీసు స్టేషన్ ముందు షామియానా వేసి ఉంది. దాని కింద పొడుగాటి వరస. అందరూ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. కొందరు పిల్లలను చంకనేసుకొని వచ్చారు. కానిస్టేబులు వరస వెంబడి నడుస్తూ అరుస్తున్నాడు: "ఏం చేసినారో ముందే అనుకొని నిలబడండప్పా. లోపలికొచ్చి తల గోక్కుంటే ఎట్లా?"

వసంతకుమార్ చివర పోయి నిలబడ్డాడు. అతని ముందున్న ముసలాయన వెనక్కి తిరిగాడు.

"నువ్వేం చేసినావు నాయనా?"

"ఇంకా ఏం చేయలేదు తాతా."

"నేనూ అంతే," అన్నాడు ముసలాయన దిగులుగా. "ఇంత వయసొచ్చినా ఒక్కటీ చేయలేదు."

అని కొంచెం పక్కకు జరిగి, షామియానా నీడలో అతనికి చోటిచ్చాడు.